కంజంక్షన్లు: తెలుగులో తోకకు, ఇంగ్లీషులో తలకు

డిగ్రీ అయిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి పోయాను. కంపెనీ పేరు వద్దులెండి. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు, నీ గురించి చెప్పు అన్నారు, రాత్రంతా బట్టీ పట్టిన వాక్యం వదిలాను: ‘ఆల్దో ఐ స్టడీడ్ ఇన్ తెలుగు మీడియం, బట్ ఐ కెన్ స్పీక్ ఇంగ్లీష్.’ నడిమి ఆయన నవ్వలేదు, ఏమీ అనలేదు, పెన్ను మూత తీసి ముందున్న కాగితం మీద చిన్న గీత గీసి మళ్లీ మూత పెట్టుకున్నాడు. ఇంగ్లీష్ వచ్చని చెప్పుకున్న వాక్యంలోనే తప్పుందని నాకు తెలిసేసరికి ఆర్నెల్లు పట్టింది. ఉద్యోగం దానివల్లే పోయిందని అనను, మిగతా జవాబులూ అంతంతమాత్రమే. ఆ గీత మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు సాయంత్రాలు హన్మకొండ నయీంనగర్‌లో ఒక అద్దె గదిలో ఇంగ్లీష్ చెబుతున్నా. పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ బ్యాంకుకో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీకో, గ్రూప్స్‌కో చదివేవాళ్లు వస్తారు. కంజంక్షన్లు, అంటే రెండు మాటల్నో వాక్యాల్నో కలిపే అతుకు మాటలు, వచ్చా అంటే నోట్సు తెరుస్తారు. అండ్ అంటే మరియు, ఆల్దో అంటే అయినప్పటికీ, అన్‌లెస్ అంటే కానియెడల... అట్లా రెండు పేజీలు. అసలు రోగం ఆ లిస్టులోనే ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ‘అయినప్పటికీ’ అనడం ఎప్పుడైనా విన్నారా? ‘ఉప్పు మరియు కారం పట్టుకురా’ అని మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందా? మనం మాట్లాడని తెలుగును మనకు రాని ఇంగ్లీషుతో ముడిపెట్టి గుర్తుపెట్టుకుంటే మాట్లాడేటప్పుడు నోటికి రమ్మంటే ఎట్లా వస్తుంది?

మనం నిజంగా మాట్లాడే తెలుగులో కంజంక్షన్ విడిగా ఉండేది తక్కువ. క్రియకు తోకలా అతుక్కొని ఉంటుంది. వాన పడి‘తే’, వాన పడి‘నా’, వాన పడ‘కుంటే’, వాన పడే‘దాకా’, వాన పడ‘గానే’, వాన పడింది ‘కాబట్టి’. ఇఫ్, ఆల్దో, అన్‌లెస్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, బికాజ్ అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు అదే ముక్కను తోక నుంచి తీసి తల దగ్గర పెడతారు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘అంటిల్ ఇట్ రెయిన్స్’. తేడా అంతే, కానీ తప్పులన్నీ ఈ ‘అంతే’ దగ్గరే పుడతాయి.

ఒక మాట ముందే చెబుతున్నా. ఇంగ్లీష్ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాస్తాను, ఎందుకంటే ఇవి నోటితో అనాల్సినవి. మనసులో చదివి వదిలేయకండి, పక్కన ఎవరున్నా సరే బయటికి అనండి.

అతుకు దగ్గర ఖాళీ

నా ఇంటర్వ్యూ వాక్యంలో ‘బట్’ ఎందుకు వచ్చిందో చూద్దాం. తెలుగులో ‘తెలుగు మీడియంలో చదివినా, ఇంగ్లీష్ మాట్లాడగలను’ అంటాం. ఈ ‘నా’ ఎక్కడుంది? రెండు ముక్కల మధ్య, సరిగ్గా అతుకు దగ్గర. ఇంగ్లీషులో దాన్ని పట్టుకుపోయి ముందు పెట్టేసరికి అతుకు దగ్గర ఏమీ మిగలదు, ఒక కామా తప్ప. మన చెవికి అక్కడ ఏదో ఒకటి వినపడే అలవాటు, ఖాళీగా ఉంటే ఓర్చుకోదు, వెంటనే ‘బట్’ దూరుతుంది. బికాజ్‌తో మొదలుపెడితే నడుమ ‘సో’ దూరేది కూడా ఇందుకే. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో ఐ డిడ్‌నాట్ కమ్’ అనేది మన దగ్గర ఎంత మామూలంటే, నేను కూడా అలసిపోయిన రోజు అనేస్తుంటా.

కాబట్టి మొదటి పని: అతుకు దగ్గర నోరు మూసుకోవడం నేర్చుకోండి. ‘ఆల్దో ఐ స్టడీడ్ ఇన్ తెలుగు మీడియం’ అని ఒక చిన్న ఊపిరి పీల్చుకొని ‘ఐ కెన్ స్పీక్ ఇంగ్లీష్’ అనండి. ఆ ఊపిరే కామా. బట్ కావాలంటే ఆల్దో తీసేయండి: ‘ఐ స్టడీడ్ ఇన్ తెలుగు మీడియం, బట్ ఐ కెన్ స్పీక్ ఇంగ్లీష్.’ రెండు ముక్కలకు ఒక అతుకు చాలు. ఐదర్–ఆర్, నైదర్–నార్, బోత్–అండ్, నాట్ ఓన్లీ–బట్ ఆల్సో లాంటివి జంటగానే పుట్టాయి, వాటి సంగతి వేరు.

క్లాసులో పాత పెళ్లి పత్రికలు చింపి చీటీలు చేస్తా. వెనకవైపు తెల్లగా ఉంటుంది, అట్ట గట్టిది. ఒక చీటీ మీద ‘వాన పడి’, ఒకదాని మీద ‘నా’, మూడో దాని మీద ‘వచ్చాను’. బల్ల మీద వరుసగా పెట్టించి, ‘నా’ చీటీని వేలితో జరిపి అన్నిటికంటే ముందు పెట్టమంటా. జరిపిన చోట సందు కనిపిస్తుంది. ఆ సందులో ఇంకో చీటీ పెట్టాలని చేయి పోతుంది చూడండి, అక్కడ ఆగాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, పాతికేళ్ల వాళ్లకు కూడా నోటితో చెబితే ఎక్కనిది వేలితో జరిపితే ఎక్కింది.

కాబట్టి దగ్గర బోల్తా

పోయినేడు పరకాల వైపు పిల్లవాడొకడు వారం రోజులు రాలేదు. వాళ్లది మిర్చి. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చారు, రేటు తక్కువుంది కాబట్టి అమ్మలేదు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఊరికి పోయారు. ఇదే ఇంగ్లీషులో చెప్పరా అన్నా. వాడు తెలుగు వరుసలోనే ఒక్కో మాటా దించుకుంటూ పోయాడు: ‘ద రేట్ వాజ్ లో బికాజ్ వి డిడ్‌నాట్ సెల్ ద చిల్లీస్.’

‘అంటే మీరు అమ్మలేదని మార్కెట్‌లో రేటు పడిపోయిందా? మీ నాయిన అంత పెద్ద ఆసామా?’ అన్నా. గదంతా నవ్వు. వాడూ నవ్వాడు, కానీ ఎక్కడ తిరగబడిందో వాడికి దొరకలేదు.

తిరగబడింది ఇక్కడ. ‘కాబట్టి’ మనకు కారణం వెనక వస్తుంది, ‘రేటు తక్కువుంది కాబట్టి’. బికాజ్ కారణం ముందు రావాలి. వాడు బికాజ్‌ను కాబట్టి ఉన్నచోటే ఉంచేశాడు, దాంతో దాని తర్వాత వచ్చిన ‘అమ్మలేదు’ అనేది కారణమైపోయింది. సరిచేయడానికి మూడు దారులు. ఒకటి, ‘బికాజ్ ద రేట్ వాజ్ లో, వి డిడ్‌నాట్ సెల్ ద చిల్లీస్.’ రెండు, తెలుగు వరుస మార్చడం ఇష్టం లేకపోతే నడుమ సో పెట్టండి, ‘ద రేట్ వాజ్ లో, సో వి డిడ్‌నాట్ సెల్ ద చిల్లీస్.’ మూడు, ‘వి డిడ్‌నాట్ సెల్ ద చిల్లీస్ బికాజ్ ద రేట్ వాజ్ లో.’ ఈ మూడోది మన ‘ఎందుకంటే’ లాంటిది. ‘అమ్మలేదు, ఎందుకంటే రేటు తక్కువుంది.’ తెలుగులో కూడా ఎందుకంటే తల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎవరూ తప్పు చేయరు. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది: బికాజ్ అంటే కాబట్టి అని కాదు, బికాజ్ అంటే ఎందుకంటే, సో అంటే అందుకే. ఈ రెండు జతలు మార్చుకున్నవాళ్లకు సగం బాధ పోతుంది.

సిన్స్, యాజ్ కూడా కారణానికే వాడతారు, ఎదుటివాళ్లకు ఆ కారణం ముందే తెలిసి ఉన్నప్పుడు. సిన్స్‌కు నా కొలత ‘ఎట్లాగూ’. ‘ఎట్లాగూ వచ్చావు కాబట్టి తిని పో’ అనగలిగితే సిన్స్: ‘సిన్స్ యు ఆర్ హియర్, హ్యావ్ లంచ్ విత్ అజ్.’ ఇక ‘వల్ల’ వస్తే బికాజ్ ఆఫ్. వాన వల్ల, ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’. వాన పడింది కాబట్టి, ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’. వల్ల ముందు నామవాచకం ఉన్నట్టే బికాజ్ ఆఫ్ తర్వాత కూడా నామవాచకమే, ఇంతకంటే రూల్ లేదు. ‘ద రీజన్ ఈజ్ బికాజ్’ అని రాయకండి, రీజన్ అన్నాక బికాజ్ ఎందుకు, ‘ద రీజన్ ఈజ్ దట్’ అనండి.

ఒక్క ‘తే’కి ఎన్ని పనులో

మన ‘తే’ గట్టి పనిమంతురాలు. ‘వాన పడితే రాను’, ఇక్కడ ఇఫ్. ‘సాయంత్రం నాన్న వస్తే అడుగుతా’, నాన్న రోజూ వచ్చేవాడే, రావడంలో అనుమానం లేదు, ఇక్కడ వెన్. ‘ఇంటికి పోతే తాళం వేసి ఉంది’, జరిగిపోయిన సంగతి, ఇదీ వెన్: ‘వెన్ ఐ వెంట్ హోమ్, ద డోర్ వాజ్ లాక్డ్.’ ‘అక్క వరంగల్‌లో ఉంటే నేను హైదరాబాద్‌లో ఉంటున్నా’, ఇందులో షరతు లేదు, సమయం లేదు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాం, దీనికి వైల్: ‘మై సిస్టర్ లివ్స్ ఇన్ వరంగల్, వైల్ ఐ లివ్ ఇన్ హైదరాబాద్.’ తే కనపడగానే ఇఫ్ పెట్టేస్తే నాలుగింట్లో మూడు పోతాయి. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: జరుగుతుందో లేదో అనుమానం ఉందా? ఉంటేనే ఇఫ్.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’, ‘వెన్ డాడ్ విల్ కమ్’. జరగబోయేది కదా అని విల్ పెడతారు. నిజానికి ఇక్కడ తెలుగే మనకు దారి చూపిస్తోంది. ‘పడితే’లో భవిష్యత్తు ఉందా? లేదు. కాలం గురించి చెప్పేది చివరి ‘రాను’ ఒక్కటే. ఇంగ్లీషులో కూడా అంతే, విల్ ఒక్క చోటే, ప్రధాన వాక్యంలో. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్.’ ‘వెన్ డాడ్ కమ్స్, ఐ విల్ ఆస్క్ హిమ్.’ యాజ్ సూన్ యాజ్, అంటిల్, బిఫోర్, ఆఫ్టర్ అన్నిటికీ ఇదే లెక్క.

పడినా, పడినా

‘వాన పడినా వచ్చాను.’ ‘వాన పడినా వస్తాను.’ రెండింట్లో ‘పడినా’ ఒక్కటే, కానీ మొదటి దాంట్లో వాన నిజంగా పడింది, నేను తడిసి మరీ వచ్చాను. రెండో దాంట్లో వాన పడొచ్చు, పడకపోవచ్చు. ఇంగ్లీష్ ఈ రెండింటికీ వేరే మాటలు వాడుతుంది. నిజంగా పడితే ఈవెన్ దో లేదా ఆల్దో: ‘ఈవెన్ దో ఇట్ రెయిన్డ్, ఐ కేమ్.’ ఊహ అయితే ఈవెన్ ఇఫ్: ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ కమ్.’ చివరి క్రియ వైపు చూడండి, అదే చెబుతుంది. డిస్పైట్, ఇన్ స్పైట్ ఆఫ్ కూడా ఈ అర్థమే గానీ వాటి తర్వాత పూర్తి వాక్యం రాదు, ‘డిస్పైట్ ద రెయిన్’ అని ఆపాలి. డిస్పైట్ పక్కన ఆఫ్ రాదు, స్పైట్ పక్కన తప్పకుండా వస్తుంది. ఈ ఒక్క ‘ఆఫ్’ మీద పరీక్షల్లో ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు.

రాకుంటే

మన వైపు ‘రాకపోతే’ కంటే ‘రాకుంటే’ ఎక్కువ అంటాం. ‘నువ్వు రాకుంటే నేను పోను.’ దీన్ని అన్‌లెస్‌తో చెప్పమంటే ‘అన్‌లెస్ యు డోంట్ కమ్, ఐ వోంట్ గో’ అంటారు. దీని అర్థం ఏమైందో తెలుసా? నువ్వు వచ్చావంటే నేను పోను అని! పిలవబోయి తరిమేసినట్టు. అన్‌లెస్‌లోనే ‘లేకుంటే’ ఉంది, మళ్లీ ఇంకో నాట్ అక్కర్లేదు. ‘ఐ వోంట్ గో అన్‌లెస్ యు కమ్.’

అయితే ప్రతి ‘రాకుంటే’కీ అన్‌లెస్ పడదు, దీన్ని చాలా నోట్సుల్లో రాయరు. ‘నువ్వు రాకుంటే బాధపడతా’ అనేదాన్ని అన్‌లెస్‌తో చెప్పలేం, ‘ఐ విల్ బి సాడ్ ఇఫ్ యు డోంట్ కమ్’ అనాల్సిందే. ఎట్లా తెలుస్తుంది? ‘వస్తే తప్ప’ అని మార్చి చూడండి. ‘నువ్వు వస్తే తప్ప నేను పోను’, పడింది, అన్‌లెస్ పెట్టుకోవచ్చు. ‘నువ్వు వస్తే తప్ప బాధపడతా’, వినడానికే వంకరగా ఉంది, అక్కడ ఇఫ్–నాట్.

దాకా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే జబ్బు అదే. ‘వాన తగ్గనంత వరకు బయటికి పోను’ అంటాం, ఆ ‘తగ్గని’ పట్టుకొని ‘అంటిల్ ద రెయిన్ డజంట్ స్టాప్’ అంటాం. ముందు తెలుగులోనే ‘వాన తగ్గేదాకా పోను’ అని తిప్పుకోండి, ఇంగ్లీష్ దానంతటదే సర్దుకుంటుంది: ‘ఐ వోంట్ గో అవుట్ అంటిల్ ద రెయిన్ స్టాప్స్.’ ఇంకొకటి, ఆఫీసులో చేరినవాళ్లు ‘ఐ విల్ సబ్మిట్ ఇట్ అంటిల్ మండే’ అని మెయిల్ పెడతారు. అంటే సోమవారం దాకా ఇస్తూనే ఉంటారా? సోమవారం లోపు అనాలంటే బై మండే. ‘లోపు’ అయితే బై, ‘దాకా’ అయితే అంటిల్.

రైలు కదలగానే

‘గానే’కి యాజ్ సూన్ యాజ్ చాలు, మాట్లాడటానికి ఇంకేమీ అక్కర్లేదు. ‘యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్ కాజీపేట, ఐ విల్ కాల్ యు.’ పరీక్ష రాసేవాళ్లకు మాత్రం నో సూనర్, హార్డ్లీ, స్కేర్స్లీ అని మూడు తగులుతాయి. ‘నో సూనర్ హ్యాడ్ ద ట్రైన్ లెఫ్ట్ కాజీపేట దాన్ ఇట్ స్టాప్డ్.’ ‘హార్డ్లీ హ్యాడ్ ద ట్రైన్ లెఫ్ట్ కాజీపేట వెన్ ఇట్ స్టాప్డ్.’ దేనికి దాన్, దేనికి వెన్ అని బట్టీ పట్టకండి. సూనర్‌లో చివర ‘అర్’ ఉంది, టాలర్, బిగ్గర్‌లో ఉన్నట్టు. టాలర్ తర్వాత దాన్ వచ్చినట్టే సూనర్ తర్వాతా దాన్. హార్డ్లీ, స్కేర్స్లీలకు ఆ అర్ లేదు, వెన్ పెట్టుకోండి. వీటితో వాక్యం మొదలైతే హ్యాడ్ ఎగిరి ట్రైన్ ముందుకు వస్తుంది, ప్రశ్నలో వచ్చినట్టు, అది కూడా చూసుకోండి.

అని అని అని

‘అని’ మన భాషలో ఉప్పు లాంటిది, దేంట్లో అయినా పడుతుంది. ‘వస్తానని చెప్పాడు’, ఇక్కడ దట్: ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్.’ టోల్డ్ వాడితే ఎవరికి చెప్పాడో తప్పక రావాలి, ‘హి టోల్డ్ మి దట్’, ఊరికే ‘హి టోల్డ్ దట్ హి వుడ్ కమ్’ అనకూడదు. ‘ఎప్పుడు వస్తావని అడిగాడు’, ఇక్కడ కూడా అని ఉంది కదా అని దట్ పెడితే తప్పు, ప్రశ్న పదమే అతుకు పని చేస్తుంది: ‘హి ఆస్క్డ్ మి వెన్ ఐ వుడ్ కమ్.’ ‘ఉద్యోగం రావాలని చదువుతున్నా’, ఇది ఉద్దేశం, సో దట్: ‘ఐ యామ్ స్టడీయింగ్ సో దట్ ఐ కెన్ గెట్ ఎ జాబ్.’ సో వేరు, సో దట్ వేరు. సో అంటే అందుకే, సో దట్ అంటే ‘ఫలానాది జరగాలని’.

‘వాన పడుతుందేమోనని గొడుగు తెచ్చుకున్నా’, దీనికి ఇన్ కేస్ అంత చక్కని మాట ఇంకోటి లేదు. ఇఫ్‌తో కలపొద్దు. ‘ఐ విల్ బై యాన్ అంబ్రెల్లా ఇఫ్ ఇట్ రెయిన్స్’ అంటే వాన మొదలయ్యాక కొనడానికి పరిగెత్తుతారు. ‘ఐ విల్ బై యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటే ముందే కొని పెట్టుకుంటారు.

‘వస్తాడో రాడో తెలియదు’లో ‘ఓ’ ఉంది చూశారా, అదే వెదర్. వాతావరణం వెదర్ కాదు, పలకడం ఒక్కటే, రాయడం వేరు. ‘ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్.’ ఇక్కడ విల్ వచ్చింది, తప్పు కాదు, ఎందుకంటే ఇది షరతు కాదు, అనుమానం. వెదర్ బదులు ఇఫ్ పెట్టినా ఇదే వాక్యంలో విల్ నిలుస్తుంది. పైన ఇఫ్ తర్వాత విల్ వద్దన్నాను, ఇక్కడ సరే అంటున్నా, తలనొప్పి అనుకోకండి. తెలుగులో ‘తే’ ఉంటే విల్ వద్దు, ‘ఓ’ ఉంటే ఉండొచ్చు.

మరియును మర్చిపోండి

అండ్ అందరికీ వచ్చు, సమస్య ఎక్కువ రావడమే. ‘పొద్దున లేచి, మొహం కడుక్కొని, చాయ్ తాగి, బస్సెక్కాను’ అని తెలుగులో ఒక్క క్రియ తప్ప అన్నిటినీ సగంలో ఆపేస్తాం. కొందరు ప్రతి సగానికీ ‘ఆఫ్టర్ దట్’ తగిలిస్తారు, ఇంకొందరు అండ్ అండ్ అండ్ అంటూ ఊపిరాడకుండా పోతారు. ఇంగ్లీషులో అన్ని క్రియలూ పూర్తిగా, ఒకే కాలంలో, చివరి దాని ముందు ఒక్క అండ్: ‘ఐ గాట్ అప్, వాష్డ్ మై ఫేస్, హ్యాడ్ టీ అండ్ కాట్ ద బస్.’ మొదటిది గాట్ అయితే చివరిది కాట్, మధ్యలో హ్యావ్ అని జారితే వినేవాళ్లకు తట్టుకున్నట్టు ఉంటుంది.

లేదు, కాదు అన్న చోట అండ్ పనికిరాదు. ‘చాయ్ గాని కాఫీ గాని తాగను’, ‘ఐ డోంట్ డ్రింక్ టీ ఆర్ కాఫీ.’ అండ్ అంటే రెండూ కలిపి తాగనని అనుకునే అవకాశం ఉంది, విడివిడిగా అయితే తెచ్చి పెట్టొచ్చు. బట్, ఆర్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, అవి మన కానీ, లేదా లాంటివే. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అని ఏడింటి మొదటి అక్షరాలు కలిపి ఫ్యాన్‌బాయ్స్ అని నేర్పుతారు, గుర్తుకు మంచిదే, కానీ ‘ఎందుకంటే’ అనే అర్థంలో ఫర్‌ను ఇప్పుడు మాటల్లో ఎవరూ వాడట్లేదు, చదివేటప్పుడు గుర్తుపడితే చాలు. హౌఎవర్ కంజంక్షన్ కాదు, దాని ముందు కామా పెట్టి రెండు వాక్యాలు కలపకండి, ఫుల్‌స్టాప్ పెట్టి కొత్తగా మొదలుపెట్టండి.

పరీక్షల వాళ్లకు రెండు ముక్కలు

డిగ్రీ అయినవాళ్లు రాసే ఎస్సెస్సీ సీజీఎల్ మొదటి దశలో 100 ప్రశ్నల్లో 25 ఇంగ్లీషువే, 50 మార్కులు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ 150 మార్కులకు, ర్యాంకులో కలపరు గానీ అందులో పాస్ కాకుంటే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. మాట్లాడటంలో చెల్లిపోయేవి అక్కడ చెల్లవు. నైదర్–నార్, ఐదర్–ఆర్ వస్తే క్రియ దగ్గర ఎవరున్నారో వాళ్ల మాట వినాలి: ‘నైదర్ ద ప్యాసింజర్స్ నార్ ద డ్రైవర్ హ్యాజ్ కమ్.’ డ్రైవర్‌ను ముందుకు, ప్యాసింజర్లను వెనక్కు మారిస్తే హ్యావ్. యాజ్ వెల్ యాజ్ వస్తే మొదటివాడి మాటే చెల్లుతుంది, నడుమ ఎంతమంది వచ్చి చేరినా సరే. బోత్ వస్తే పక్కన అండ్, యాజ్ వెల్ యాజ్ కాదు. నాట్ ఓన్లీ ఎక్కడ పెట్టారో చూడండి, దాని వెనక ఏ రకం మాట ఉంటే బట్ ఆల్సో వెనకా అదే రకం రావాలి: ‘హి స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో ఉర్దూ.’ అక్కడ తెలుగు, ఇక్కడ ఉర్దూ, జోడీ కుదిరింది.

సాధన ఎట్లా

పుస్తకం మూసేయండి. రోజూ రాత్రి ఆ రోజు మీరు నిజంగా అన్న ఐదు మాటలు గుర్తుకు తెచ్చుకోండి. వాట్సాప్ తెరిస్తే బోలెడు దొరుకుతాయి, ‘బస్సు దొరకగానే ఫోన్ చేస్తా’, ‘నువ్వు చెప్పకుంటే నాకెట్లా తెలుస్తది’, ‘రమ్మన్నా రాలేదు’. ప్రతిదాంట్లో తోక ఎక్కడుందో వేలితో చూపించుకోండి, దాన్ని తలకు తెచ్చి ఇంగ్లీషులో అనండి, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటి వారం ‘తే’, ‘నా’ రెండే పట్టుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన వాళ్లు నాలుగో రోజుకు మానేయడం కళ్లారా చూశా. మా దగ్గర ఒకమ్మాయి రోజూ కాజీపేట నుంచి వచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి గొణుక్కునేది, పక్కనామె దేవుడి పేరు చదువుతోందనుకొని ‘ఏ దేవునిదమ్మా?’ అని అడిగిందట.

ఈ రాత్రికి మీకు నాలుగు. ‘జ్వరం వచ్చినా పరీక్ష రాశాను.’ ‘నువ్వు ఫోన్ చేసేదాకా పడుకోను.’ ‘ట్రాఫిక్ ఉంటుందేమోనని ముందే బయలుదేరాం.’ ‘మేడారం పోతే బంగారం తెస్తా.’

మొదటిది ఈవెన్ దో, జ్వరం నిజంగా వచ్చింది కాబట్టి: ‘ఈవెన్ దో ఐ హ్యాడ్ ఎ ఫీవర్, ఐ టుక్ ద ఎగ్జామ్.’ రెండోది ‘ఐ వోంట్ స్లీప్ అంటిల్ యు కాల్’, కాల్ ముందు డోంట్ రాలేదు చూసుకోండి. మూడోది ‘వి స్టార్టెడ్ ఎర్లీ ఇన్ కేస్ దేర్ వాజ్ ట్రాఫిక్.’ నాలుగోది మీరే తేల్చుకోవాలి. జాతర రెండేళ్లకోసారి, మొక్కు ఉండి పోవడం ఖాయమైతే వెన్, సెలవు దొరికితేనే అయితే ఇఫ్. ఇక బంగారాన్ని గోల్డ్ అని మాత్రం అనకండి, అమ్మవార్ల బెల్లం అని తెలియనివాళ్లు మీరు వచ్చేదాకా గడప దగ్గరే కూర్చుంటారు.